బరువు తగ్గితే.. మడమ మాట వింటుంది!

పొద్దున నిద్ర లేచి మంచం మీద నుంచి కాలు కింద పెడతారు. మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. సాయంత్రం గ్రౌండ్‌కు వెళ్లి రెండు రౌండ్లు కొట్టగానే మళ్లీ మొదలు. ‘ఇవాళ వద్దులే, రేపు చూద్దాం’ అనుకుంటారు. ఆ రేపు ఎంతకీ రాదు. ఈలోగా పరుగు ఆగుతుంది, బరువు పెరుగుతుంది, పెరిగిన బరువుతో నొప్పి ఇంకా ముదురుతుంది.

యూనిఫాం ఉద్యోగం కోసం చూస్తున్న అభ్యర్థుల్లో, ముఖ్యంగా ఉండాల్సిన దానికంటే పది, పదిహేను కిలోలు ఎక్కువ ఉన్నవారిలో, ఈ చక్రంలో ఇరుక్కునేవారు తక్కువేం కాదు. వరంగల్ జిల్లా నెక్కొండనే తీసుకోండి. ఇక్కడి నుంచి రైలెక్కి వరంగల్, హనుమకొండలో కోచింగ్‌కు వెళ్లొచ్చేవారి రోజు ఎలా ఉంటుంది? ప్లాట్‌ఫాం మీద నిలబడటం, రైల్లో నిలబడటం, క్లాసులో నాలుగైదు గంటలు కూర్చోవడం, దారిలో మిర్చి బజ్జీ, ఇంటికొచ్చాక కడుపు నిండా అన్నం. పుస్తకాలకు టైముంటుంది గానీ ఒంటికి ఉండదు. నోటిఫికేషన్ పడ్డాక ఒక్కసారిగా గ్రౌండ్ గుర్తొస్తుంది. అప్పుడు మొదట మొరాయించేది మడమే.

ఈ మడమ నొప్పి చాలామందికి తగ్గిపోయేదే. అయితే దానికో వరస ఉంది. ముందు పాదం మీద పడే భారం తగ్గించాలి, పక్కనే పాదానికి బలం పెంచాలి, ఆ తర్వాతే పరుగు. మనలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తాం. బరువు తగ్గడానికే పరుగు మొదలుపెడతాం. అందుకే రెండో వారంలోనే ఆగిపోతాం.

గ్రౌండ్ ఏమడుగుతోంది?

ముందు లక్ష్యం స్పష్టంగా తెలియాలి. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నోటిఫికేషన్ల ప్రకారం ఎస్సై, కానిస్టేబుల్ అభ్యర్థుల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్ జంప్ పురుషులకు 4 మీటర్లు, మహిళలకు 2.5 మీటర్లు. షాట్‌పుట్ పురుషులు 7.26 కిలోల గుండును 6 మీటర్లు, మహిళలు 4 కిలోల గుండును 4 మీటర్లు విసరాలి.

400 మీటర్ల ట్రాక్ మీద 1600 మీటర్లంటే నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండ్‌కు దొరికేది 1 నిమిషం 48 సెకన్లు. ఆడపిల్లలకు రెండు రౌండ్లు, ఒక్కోదానికి 2 నిమిషాల 40 సెకన్లు. ఆరోగ్యంగా ఉండి, సాధన చేసినవారికి ఇది కొండెక్కడం కాదు. కానీ మడమ నొప్పితో కుంటుతూ చేరుకునే టైమింగూ కాదు.

ఇతర ఉద్యోగాల లెక్కలు కూడా ఒకసారి చూసుకోండి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జీడీ కానిస్టేబుల్‌కు పురుషులు 5 కిలోమీటర్లను 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లను ఎనిమిదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. రైల్వే గ్రూప్-డికి పురుషులు 35 కిలోల బరువును కింద పెట్టకుండా 100 మీటర్లు 2 నిమిషాల్లో మోయాలి, 1000 మీటర్లను 4 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. మహిళలకు మోయాల్సిన బరువు 20 కిలోలు, పరుగుకు 5 నిమిషాల 40 సెకన్లు. నోటిఫికేషన్‌ను బట్టి ఇవి మారొచ్చు కాబట్టి మీరు రాసే పరీక్ష ప్రకటన చదువుకోవడం తప్పనిసరి. ఏది రాసినా కాళ్లు మాత్రం కావాల్సిందే.

నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది?

అరికాలి అడుగున మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా దళసరి నారలాంటి పట్టీ ఒకటి ఉంటుంది. డాక్టర్లు దీన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం మధ్యలో ఉండే వంపు కుంగిపోకుండా వింటినారిలా పట్టి ఉంచేది ఇదే. అడుగు వేసిన ప్రతిసారీ సాగుతుంది, కాలు ఎత్తగానే బిగుసుకుంటుంది. మోయగలిగిన దానికంటే ఎక్కువ భారం రోజుల తరబడి పడితే, మడమ ఎముకకు అతుక్కునే చోట ఈ పట్టీ దెబ్బతింటుంది. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మన దగ్గర మడమ శూల అనే పేరూ ఉంది.

రాత్రంతా పాదం కదలకుండా ఉంటుంది కదా, ఆ పట్టీ ముడుచుకుపోతుంది. పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. అందుకే ఆ మొదటి అడుగే నరకం. గంటసేపు క్లాసులో కూర్చుని లేచినప్పుడు మళ్లీ పొడిచేదీ ఇందుకే.

సాధారణంగా ఇది నలభై దాటినవారిలో ఎక్కువగా కనిపించే సమస్య. ఇరవైల్లోనే రావడానికి ప్రధానంగా కనిపించే కారణాలు కొన్ని ఉన్నాయి: ఎక్కువ బరువు, ఒక్కసారిగా పెంచిన పరుగు, బిగుసుకుపోయిన పిక్కలు, గట్టి నేల మీద గంటల తరబడి నిలబడటం, అరిగిపోయిన చెప్పులు. నోటిఫికేషన్ పడగానే గ్రౌండ్‌కు పరిగెత్తే అభ్యర్థిలో ఇవన్నీ ఒకేసారి కలవొచ్చు.

మిర్చి బస్తా లెక్క

బరువుకూ మడమకూ సంబంధమేంటో చిన్న లెక్కతో చూద్దాం. నడిచేటప్పుడు పాదం మీద పడే బలం మన బరువు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. పరిగెత్తేటప్పుడు మాత్రం రెండు నుంచి మూడు రెట్లవుతుంది. మధ్యస్థంగా రెండున్నర రెట్లు అనుకుందాం.

95 కిలోల అభ్యర్థి పరిగెడితే ఒక్కో అడుగుకు పాదం మీద సుమారు 237 కిలోల భారం పడుతుంది. అతనే 80 కిలోలకు దిగితే ఆ భారం 200 కిలోలు. తేడా 37 కిలోలు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తా ఇంచుమించు అంతే ఉంటుంది. ఒంట్లో తగ్గింది 15 కిలోలే అయినా, ప్రతి అడుగుకూ మడమ మీద నుంచి దిగింది దాదాపు ఒక బస్తా.

1600 మీటర్లు పూర్తి చేయడానికి సుమారు 1200 అడుగులు పడతాయి. ఒక్కో పాదం 600 సార్లు నేలను తాకుతుంది. 600ను 37తో గుణించండి. ఒక్క పరుగులో ఒక్కో పాదానికి 22 టన్నుల భారం తప్పిందన్నమాట. ఇది ల్యాబ్ కొలత కాదు, ఉజ్జాయింపు లెక్క. అయినా బరువు దిగితే మడమ ఎందుకు ఊపిరి పీల్చుకుంటుందో చెప్పడానికి సరిపోతుంది.

పరిశోధనలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో బీఎంఐ 30 దాటినవారికి, 25 లోపు ఉన్నవారితో పోలిస్తే మడమ శూల వచ్చే అవకాశం ఐదు రెట్లకు పైగా కనిపించింది. చీలమండ పైకి సరిగ్గా వంగనివారికి, అంటే పిక్కలు బిగుసుకుపోయినవారికి, ముప్పు అంతకంటే చాలా ఎక్కువని అదే అధ్యయనం చెప్పింది. 2005లో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మోకాళ్ల అరుగుదల ఉన్న 142 మంది అధిక బరువువారిని పరిశీలించారు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. అది మోకాలి లెక్కే అయినా సూత్రం పాదానికీ పనికొస్తుంది. బేరియాట్రిక్ సర్జరీతో బాగా బరువు తగ్గినవారిలో పాదాల నొప్పి తగ్గినట్టు గమనించిన అధ్యయనాలూ ఉన్నాయి. మీకు సర్జరీ కావాలని కాదు. భారం దిగితే పాదం కోలుకుంటుందన్నదే ఇక్కడ గమనించాల్సింది.

మీరు ఎక్కడున్నారు?

బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో రాసుకోండి. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. భారతీయులు సహా ఆసియావాసులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు.

పోలీసు ఉద్యోగానికి పురుషులకు సాధారణంగా కావాల్సిన కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఆ ఎత్తు వారికి బీఎంఐ 23 అంటే సుమారు 65 కిలోలు, 25 అంటే 70 కిలోలు, 30 అంటే 84 కిలోలు. మహిళలకు కనీస ఎత్తు 152.5 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు 23 అంటే సుమారు 53, 25 అంటే 58 కిలోలు.

ఈ అంకెలు చూసి బెదిరిపోవద్దు. నొప్పి తగ్గడానికి సరిగ్గా 23కు చేరాల్సిన పనిలేదు. ఇన్ని కిలోలు తగ్గితే నొప్పి పోతుందనే ఒకే అంకె అందరికీ లేదు. మొదటి లక్ష్యంగా ఇప్పుడున్న బరువులో 5 నుంచి 10 శాతం పెట్టుకోండి. 95 కిలోలుంటే ఐదు నుంచి తొమ్మిదిన్నర కిలోలు. అక్కడిదాకా వెళ్లాక తర్వాతి మెట్టు చూద్దాం.

అసలు పరీక్ష క్యాలెండర్‌తోనే

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. పోయినసారి పోలీసు నియామకాల తేదీలు ఒకసారి గుర్తు చేసుకోండి. నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 25న వచ్చింది. ప్రిలిమ్స్ ఆగస్టులో జరిగాయి. ఫలితాలు అక్టోబరు 21న వచ్చాయి. ఫిజికల్ ఈవెంట్లు డిసెంబరు 8న మొదలయ్యాయి.

ఆరోగ్యంగా బరువు తగ్గే వేగం వారానికి అర కిలో నుంచి కిలో. అర కిలో చొప్పున లెక్కేస్తే 15 కిలోలు తగ్గడానికి 30 వారాలు కావాలి. నోటిఫికేషన్ నుంచి ఈవెంట్ల దాకా ఉన్నవి 32 వారాలు. అంటే నోటిఫికేషన్ పడిన రోజునే మొదలుపెట్టినవారికి కూడా బొటాబొటిగా సరిపోయింది. ‘ప్రిలిమ్స్ పాసైతే అప్పుడు చూద్దాం’ అనుకున్నవారికి ఫలితాల తర్వాత దొరికింది 48 రోజులు. అర కిలో చొప్పునే లెక్కేస్తే ఏడు వారాల్లో తగ్గేది మూడున్నర కిలోల చిల్లరే. ఆ కంగారులో ఒకేసారి పరుగు పెంచితే మడమ పూర్తిగా మొరాయిస్తుంది.

ఆ విడతలో ఈవెంట్లకు వెళ్లినవారిలో సగానికి దగ్గరగా మంది అక్కడే ఆగిపోయారు. నెలల తరబడి చదివిన అంకగణితం, రీజనింగ్, తెలంగాణ ఉద్యమ చరిత్ర అన్నీ ట్రాక్ పక్కనే ఉండిపోయాయి. వయసు పరిమితి మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

కాబట్టి బరువు విషయంలో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడొద్దు. అది రాని రోజులే మీకు దొరికిన సమయం.

పళ్లెంలో ఏం మార్చాలి?

బరువు తగ్గడంలో పెద్ద వాటా తిండిదే. ఇది మడమ నొప్పి ఉన్నవారికి మంచి వార్త. ఎందుకంటే పళ్లెం మార్చడానికి పరిగెత్తాల్సిన పనిలేదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలో క్యాలరీల ఆహారానికి అది చెప్పిన లెక్క ఇలా ఉంది: వండకముందు తూకంలో బియ్యం, జొన్నలు వంటి ధాన్యాలు 250 గ్రాములు; పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు; కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు; పండ్లు 100 గ్రాములు; పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు; పల్లీలు, నువ్వుల వంటివి 35 గ్రాములు; నూనె 27 గ్రాములు.

మన ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. అన్నం కొండలా ఉంటుంది, కూర నంజుకోవడానికి ఉంటుంది. ఇంట్లో అమ్మతో పేచీ పెట్టుకోకుండా చేయగలిగే మార్పులు ఇవి:

అన్నం గంటెతో కాదు, ఒకే గిన్నెతో కొలిచి పెట్టుకోండి. ఇప్పుడు రెండు గిన్నెలు తింటుంటే ఒకటిన్నరకు రండి. రెండు వారాల తర్వాత ఇంకో పావు తగ్గించండి. తగ్గించిన చోట కూర, పప్పు పెంచండి. రాత్రిపూట ఒకటి రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర పప్పు మంచి జత.

ప్రతి పూటా మాంసకృత్తులు ఉండేలా చూడండి. గుడ్డు, పప్పు, శనగలు, పెసలు, పెరుగు, చికెన్.. ఏది అందితే అది. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడేవి ఇవే. గుండు విసరడానికి కావాల్సింది కండే కదా.

కూల్‌డ్రింక్ మానండి. 250 మిల్లీలీటర్ల సీసాలో పాతిక గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజంతటికీ ఉండాల్సిన పరిమితి అక్కడే అయిపోతుంది. స్టేషన్ దగ్గర సమోసా, బజ్జీ వారానికి ఒక్కసారికి పరిమితం చేయండి. బ్యాగులో గుప్పెడు ఉడికించిన శనగలో, ఒక జామకాయో పెట్టుకుంటే ఆకలి వేళకు ఆదుకుంటాయి. రోజుకు నాలుగు సార్లు చక్కెర వేసిన టీ తాగేవారు రెండుకు తగ్గించండి.

హాస్టల్‌లో ఉండేవారు ‘మెస్‌లో ఏం పెడితే అదే తినాలి కదా’ అంటారు. నిజమే. కానీ వడ్డించుకునే గరిటె మీ చేతిలోనే ఉంటుంది. సాంబారులో ముక్కలు ఎక్కువ వేసుకోవచ్చు, రెండోసారి అన్నం మానొచ్చు, మజ్జిగతో ముగించొచ్చు.

రోజూ 500 కిలో క్యాలరీలు తగ్గితే మొదట్లో వారానికి అర కిలో దాకా తగ్గే వీలుంది. కొన్ని వారాలయ్యాక వేగం మందగిస్తుంది. అది ఓటమి కాదు, శరీరం తీరే అంత. ఆదివారం పొద్దున ఏమీ తినకముందు ఒకసారి తూకం చూసి రాసుకోండి. రోజూ చూస్తే మనసు పాడవడం తప్ప ఉపయోగం లేదు.

మొదటి 8 వారాలు.. పరుగుకు సెలవు

నొప్పి బాగా ఉన్నప్పుడు పరుగు ఆపండి. అలాగని మంచానికి అతుక్కుపోవద్దు. మడమకు దెబ్బ తగలని పనులు చాలా ఉన్నాయి.

సైకిల్: ఇంట్లో మూల పడేసిన పాత సైకిల్ తీయండి. చదునైన రోడ్డు మీద 30 నుంచి 40 నిమిషాలు తొక్కితే ఊపిరితిత్తులు పనిచేస్తాయి, మడమకు గుద్దుడు ఉండదు. వారానికి ఐదు రోజులు తొక్కితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం పూర్తవుతుంది.

మంచం దిగకముందే: నొప్పి ఉన్న కాలును రెండో మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలి వేళ్లను మీ వైపు వెనక్కి లాగండి. అరికాలి పట్టీ బిగుసుకుంటున్నట్టు తెలుస్తుంది. 10 సెకన్లు ఆపి వదలండి. ఇలా 10 సార్లు చేశాకే కాలు కింద పెట్టండి. పగలు ఇంకో రెండు సార్లు చేయండి. కోచింగ్ క్లాసులో బెంచీ మీద కూర్చునే చేసేయొచ్చు.

పిక్కల సాగదీత: గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా ముందుకు వంగండి. 30 సెకన్ల చొప్పున ఒక్కో కాలికి మూడు సార్లు.

మెట్టు వ్యాయామం: తువ్వాలు చుట్టి మెట్టు అంచున పెట్టండి. వేళ్లు తువ్వాలు మీద ఉండేలా నిలబడండి. 3 సెకన్లలో మడమలు పైకెత్తి, 2 సెకన్లు ఆపి, 3 సెకన్లలో దించండి. మొదట రెండు కాళ్లతో, అలవాటయ్యాక ఒంటికాలితో. రోజు విడిచి రోజు 12 సార్ల చొప్పున మూడు విడతలు. డెన్మార్క్‌లో 48 మందిపై జరిగిన పరిశోధనలో ఈ వ్యాయామం చేసినవారికి మూడు నెలలయ్యేసరికి, కేవలం సాగదీత చేసినవారికంటే ఎక్కువ ఉపశమనం దొరికింది. గోడో, రెయిలింగో పట్టుకునే చేయండి.

నొప్పి ఎక్కువున్న రోజు సాయంత్రం నీళ్ల సీసాను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పలుచని గుడ్డ చుట్టి, అరికాలి కింద ఐదు పది నిమిషాలు దొర్లించండి. హాయిగా ఉంటుంది.

ఇంట్లో కూడా చెప్పులు

సిమెంటు, గ్రానైట్, టైల్స్ నేల మీద వట్టి కాళ్లతో తిరగడం మడమకు పడదు. నొప్పి తగ్గేదాకా ఇంట్లో వాడుకోవడానికి మెత్తని చెప్పులు ఒక జత విడిగా పెట్టుకోండి. పలుచగా అరిగిపోయిన హవాయి చెప్పులతో కోచింగ్‌కు వెళ్లొద్దు. బూట్లు కొనేటప్పుడు బ్రాండు కంటే మూడు విషయాలు చూడండి: మడమ దగ్గర మందంగా, మెత్తగా ఉండాలి, వెనక భాగం గట్టిగా పట్టి ఉంచాలి, మధ్యలో రెండుగా మడత పడకూడదు. వేల రూపాయల జత అవసరం లేదు. ఉన్న బూట్లలోకి మడమ కింద పెట్టుకునే మెత్తని ప్యాడ్ మెడికల్ షాపులో దొరుకుతుంది.

ఇవి మాత్రం వద్దు

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం. మాత్ర నొప్పిని కప్పిపెడుతుంది గానీ పట్టీని బాగుచేయదు. నొప్పి తెలియక ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ కొడతారు, గాయం ముదురుతుంది. డాక్టర్ చెప్పకుండా రోజూ వాడితే కడుపు, కిడ్నీలకూ ప్రమాదమే.

‘ఒక్క సూదితో నొప్పి మాయం’ అనే మాట నమ్మి పరుగెత్తడం. మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొంతకాలం ఉపశమనం ఇస్తుంది. కానీ అరికాలి పట్టీ తెగిపోవడం, మడమ కింద ఉండే కొవ్వు మెత్త పలుచబడటం వంటి ముప్పులున్నాయి. అది ఎముకల డాక్టర్ పరీక్షించి తీసుకోవాల్సిన నిర్ణయం.

ఉపవాసాలు, పొడులు, ‘నెలకు 10 కిలోలు’ ప్రకటనలు. అంత వేగంగా తగ్గితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. చదివింది బుర్రకెక్కదు. గ్రౌండ్‌లో కళ్లు తిరుగుతాయి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

మడమ నొప్పి అంతా మడమ శూల కాదు. మడమను రెండు వైపులా వేళ్లతో నొక్కితే తీవ్రమైన నొప్పి, కాలు మోపలేకపోవడం ఉంటే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. వాపు, ఎరుపు, జ్వరం ఉన్నా, పాదంలో తిమ్మిరి, మంటలు ఉన్నా ఆలస్యం చేయొద్దు. రెండు మడమల నొప్పితో పాటు పొద్దున నడుము అరగంటకు మించి పట్టేస్తుంటే అది కీళ్ల వాత సమస్య కావొచ్చు. ఇలాంటి లక్షణాలు లేకపోయినా, పైన చెప్పినవన్నీ ఆరు వారాలు చేసినా మార్పు లేకపోతే చూపించుకోవాలి. నర్సంపేట ప్రభుత్వ ఆసుపత్రికో, వరంగల్ ఎంజీఎంకో వెళ్తే ఎముకల డాక్టర్ చూస్తారు.

తిండి తగ్గించినా బరువు కదలకపోతే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. నెలసరి సరిగా రాని అమ్మాయిలు పీసీఓఎస్ గురించి డాక్టర్‌ను అడగండి. సిగ్గుపడితే నష్టపోయేది మీరే.

ఇంకో ముఖ్యమైన మాట. పోలీసు నోటిఫికేషన్‌లో చదును పాదాలు, మోకాళ్లు ఆనుకోవడం, ఉబ్బిన సిరలు వంటివి ఉండకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. మడమ శూల, చదును పాదం ఒకటి కాదు. తడి కాలితో సిమెంటు గచ్చు మీద అడుగు వేసి చూడండి. లోపలి వైపు వంపు దగ్గర ఖాళీ లేకుండా అరికాలు మొత్తం అచ్చు పడితే, అనుమానం తీర్చుకోవడానికి డాక్టర్‌కు చూపించండి. కొందరికి నిలబడితే చదునుగా, మునివేళ్ల మీద లేస్తే వంపుతో కనిపిస్తుంది. మునివేళ్ల మీదా వంపు రానివారి సంగతి వేరు. రెండేళ్లు చదివాక మెడికల్‌లో తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం నయం.

మళ్లీ ట్రాక్ మీదికి

ఒకటి గుర్తుపెట్టుకోండి. బరువు తగ్గడం ఒక్కటే మంత్రం కాదు. సన్నగా ఉండే పరుగు వీరులకూ మడమ శూల వస్తుంది. బరువు, పిక్కల బిగువు, పరుగు పెంచే వేగం.. మూడూ దారికి రావాలి. మడమ శూల ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా కూడా. ఓపిక కావాలి.

నొప్పి లేకుండా 30 నిమిషాలు వడిగా నడవగలిగిన స్థితి రెండు వారాలు నిలిస్తే పరుగుకు సిద్ధమైనట్టే. మట్టి నేల మీద మొదలుపెట్టండి. ఒక నిమిషం మెల్లగా జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఇలా 8 సార్లు. వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక రోజు విరామం. తర్వాతి వారాల్లో పరుగు నిమిషాలు కొద్దికొద్దిగా పెంచుతూ, నడక తగ్గిస్తూ పోవాలి. ఆగకుండా 15 నిమిషాలు పరిగెత్తగలిగాకే స్టాప్‌వాచ్ తీయండి. అప్పుడే రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్ల లెక్క. లాంగ్ జంప్ అన్నిటికంటే చివర. దూకుడులో మడమ మీద పడే దెబ్బ పరుగు కంటే ఎక్కువ.

పెంచాలా వద్దా అన్నది మీ మడమే చెబుతుంది. నొప్పిని సున్నా నుంచి పదిలో కొలుచుకోండి. పరిగెత్తేటప్పుడు మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున మొదటి అడుగుకు నిన్నటి కంటే ఎక్కువ ఉండకూడదు. ఉంటే రెండు రోజులు సైకిల్‌కు మారి, ముందు వారం స్థాయి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

గ్రౌండ్‌లో మీకంటే వేగంగా పోయేవాళ్లు ఉంటారు. ‘ఏం రా లడ్డూ’ అనేవాళ్లూ ఉంటారు. వాళ్లతో పోటీ పడి ఒక రౌండ్ ఎక్కువ కొట్టారంటే మూడు వారాలు వెనక్కి పోతారు. ఈవెంట్ల రోజున మీరు ఓడించాల్సింది స్టాప్‌వాచ్‌ను మాత్రమే.

యూనిఫాం వద్దనుకున్నా..

పోలీసు ఉద్యోగం మీ లక్ష్యం కాకపోయినా ఈ మాటలు మీకూ వర్తిస్తాయి. షోరూం సేల్స్, నర్సింగ్, హోటల్, గోదాము, సెక్యూరిటీ, డెలివరీ, టీచర్.. డిగ్రీ అయ్యాక దొరికే మొదటి ఉద్యోగాల్లో చాలావాటికి రోజుకు ఎనిమిది గంటలు కాళ్ల మీదే ఉండాలి. నిలబడలేక మొదటి నెలలోనే మానేస్తే రెజ్యుమేలో ఖాళీ మిగులుతుంది. ఇరవై రెండేళ్ల వయసులో దించుకున్న పది కిలోలు ముందు ముందు షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పుల ముప్పునూ తగ్గిస్తాయి.

రేపటి కోసం మూడు పనులు చాలు. పడుకునే ముందు మంచం పక్కన మెత్తని చెప్పులు పెట్టుకోండి. పొద్దున కాలు కింద పెట్టకముందు వేళ్లను పది సార్లు వెనక్కి లాగండి. కరెంట్ అఫైర్స్ నోట్సు చివరి పేజీలో మూడు గడులు గీసి తేదీ, బరువు, మొదటి అడుగు నొప్పి పదికి ఎంతో రాయండి. నొప్పి రోజూ, బరువు ఆదివారం. నాలుగు ఆదివారాల తర్వాత ఆ పేజీ తిప్పి చూడండి. రెండు అంకెలూ కిందికి దిగుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు. నోటిఫికేషన్ ఎప్పుడొచ్చినా రానివ్వండి.